ఫ్రాన్స్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నారా? ఫ్రెంచిలో నోటీసు ఉత్తరం ఇలా రాయండి

ఫ్రాన్స్‌లో ఉంటున్న మనవాళ్ళు ఇల్లు మారే సమయానికి అడిగేది దాదాపు ఒకటే: "ఓనర్‌కి ఫ్రెంచిలో లెటర్ పంపాలట, చివర్లో పెద్ద మర్యాద వాక్యం ఏదో ఉంటుందట, అది కాస్త చెప్తారా?" చెప్తాను, కిందనే ఉంది. కానీ ఆ వాక్యంలో తప్పు దొర్లితే ఓనర్ నవ్వుకుంటాడు, అంతకుమించి ఏమీ కాదు. తేదీ, కారణం, పంపే పద్ధతి, ఈ మూడింట్లో ఏది తప్పినా రెండు నెలల అద్దె అదనంగా కట్టాల్సి రావచ్చు. అందుకే చివరి వాక్యానికి పెట్టే టెన్షన్‌లో సగం ఉత్తరం మధ్య భాగానికి పెట్టండి.

ఇల్లు ఖాళీ చేసే ఉత్తరాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. బ్యాంకుకు, ఇన్సూరెన్సుకు, కంపెనీకి రాసే ఉత్తరాలన్నిటికీ చట్రం ఇదే.

ఫ్రెంచి మాటల్ని వినిపించే తీరులో తెలుగు లిపిలో రాశాను. అరసున్న (ఁ) ఉన్నచోట ముక్కుతో పలకాలి. స్పెల్లింగ్ కోసం ఫ్రెంచి ప్రభుత్వం నడిపే సర్వీస్-పబ్లిక్ సైట్ తెరవండి. అద్దెదారు ఇచ్చే నోటీసుకు అక్కడ నమూనా ఉత్తరం ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అన్నది తెలియకే చాలామంది తప్పు చేస్తారు. ఇక్కడ చెప్పేది అదే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- అద్దె ఒప్పందం, అంటే బాయ్. అందులో మూడు విషయాలు చూడండి: ఇల్లు ఫర్నిచర్‌తో ఇచ్చిందా (మబ్లే) ఖాళీగా ఇచ్చిందా (వీద్), ఓనర్‌గా ఎవరెవరి పేర్లు ఉన్నాయి, అద్దెదారులుగా ఎవరెవరు సంతకం పెట్టారు.
- మీ తీత్ర్ ద సేజూర్ (ఫ్రాన్స్‌లో నివాస అనుమతి కార్డు) లేదా పాస్‌పోర్టు. పేరు అక్షరం కూడా తేడా లేకుండా రాయడానికి.
- నోటీసు గడువు తగ్గించమని అడిగితే దానికి రుజువు. ఉద్యోగ ఒప్పందం, డాక్టర్ సర్టిఫికెట్ వంటివి.
- కొత్త చిరునామా, బ్యాంకు ఖాతా వివరాల కాగితం (రీబ్).
- సంతకానికి పెన్ను. ఉత్తరం టైపు చేసినా సంతకం చేత్తోనే.

అడుగు 1: నోటీసు ఎన్ని నెలలో తేల్చుకోండి

ఇది ఉత్తరం మొదలుపెట్టకముందే తెలియాలి. 1989 జూలై 6 నాటి అద్దె చట్టం ప్రకారం మబ్లే ఇంటికి ఒక నెల, వీద్ ఇంటికి మూడు నెలలు నోటీసు. దీన్నే ప్రేఅవీ అంటారు.

ఆ మూడు నెలలు ఒక నెలకు తగ్గే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇళ్ళకు గిరాకీ ఎక్కువగా ఉండే ప్రాంతం, అంటే జోన్ తాఁద్యూ, అందులో ముఖ్యమైనది. పారిస్, లియోన్, తులూజ్, లిల్, గ్రెనోబుల్, నాంత్ వంటి మనవాళ్ళు ఎక్కువగా ఉండే నగరాలు ఇందులోకే వస్తాయి. మీ ఊరు ఉందో లేదో సర్వీస్-పబ్లిక్‌లో ఊరి పేరు కొట్టి చూడొచ్చు. జోన్ తాఁద్యూ కాకపోతే తొలి ఉద్యోగం దొరకడం, ఉద్యోగం పోవడం, బదిలీ, ఆరోగ్య కారణం వంటివి చెల్లుతాయి.

జాగ్రత్త: చదువు అయిపోవడం ఆ జాబితాలో లేదు. ఊరికే ఇండియాకు తిరిగి వెళ్ళిపోవడమూ లేదు. "నేను స్టూడెంట్‌ని కదా, నెల చాలు" అనుకుని రాసేసినవాళ్ళకు ఏజెన్సీ మూడు నెలల అద్దె లెక్క పంపితే చట్టం ఏజెన్సీ వైపే ఉంటుంది.

క్రూస్, అంటే ప్రభుత్వ విద్యార్థి వసతి సంస్థ, నడిపే హాస్టల్ గదులకు ఈ లెక్క వర్తించదు. వాటికి సొంత నిబంధనలున్నాయి, మీకిచ్చిన కాగితాల్లో చూడండి.

అడుగు 2: పేజీ అమర్చండి

ఎడమవైపు పైన మీ వివరాలు: పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్. దానికి కాస్త కింద, కుడివైపున, ఉత్తరం అందుకునేవారి పేరు, చిరునామా. మన స్కూల్లో నేర్చుకున్న "టు" అడ్రసు ఎడమవైపు ఉంటుంది, ఇక్కడ కుడివైపు. ఫ్రెంచి కవర్లకు కిటికీ కుడివైపు ఉంటుంది కాబట్టి మడత పెట్టినప్పుడు చిరునామా సరిగ్గా అక్కడికి వస్తుంది.

చిరునామా ఆఖరి వరుసలో ఐదంకెల కోడ్ పోస్తాల్, పక్కనే ఊరి పేరు పెద్ద అక్షరాల్లో. ఆ వరుసలో కామాలు, చుక్కలు వద్దు.

చిరునామా కింద కుడివైపే ఊరు, తేదీ: "లియోన్, ల 12 మార్స్ 2026". నెల పేరు చిన్న అక్షరంతో మొదలవుతుంది, ఇంగ్లీషులోలా పెద్ద అక్షరం కాదు. నెలలో ఒకటో తేదీకి మాత్రమే అంకె పక్కన "ఇ, ఆర్" అనే రెండు చిన్న అక్షరాలు చేరతాయి. రెండు నుంచి ఉత్త అంకె చాలు.

పేరు దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఫ్రెంచి కాగితాల్లో ప్రేనోఁ అంటే సొంత పేరు, నోఁ అంటే ఇంటిపేరు. వ్యక్తి పేరు ముందు, ఇంటిపేరు తర్వాత పెద్ద అక్షరాల్లో రాయడం వాళ్ళ అలవాటు. మనం ఇంటిపేరు ముందు రాసి, ఒక్కోసారి దాన్ని ఒక్క అక్షరానికి కుదించేస్తాం. ఉత్తరంలో ఇనిషియల్ వాడకండి. పాస్‌పోర్టులో ఏది ఇంటిపేరు గడిలో ఉందో అదే నోఁ, అది నిజానికి మీ నాన్నగారి పేరైనా సరే. ఒప్పందంలో ఒకలా, ఉత్తరంలో ఇంకోలా ఉంటే ఏజెన్సీ వాళ్ళు "ఈ పేరుతో మా దగ్గర అద్దెదారు లేరు" అని జవాబు రాస్తారు. ఈలోగా వారం పోతుంది.

ఓనర్‌లుగా ఒప్పందంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి పేరా రాయండి. ఏజెన్సీ ద్వారా నడుస్తున్న ఇల్లయితే ఒప్పందంలో ఇచ్చిన ఏజెన్సీ చిరునామాకు పంపండి.

అడుగు 3: ఒబ్జే వరుస

విషయం అనే వరుసకు ఫ్రెంచిలో "ఒబ్జే" అంటారు. సబ్జెక్టుకు దగ్గరగా వినిపిస్తుందని "స్యూజే" అని రాస్తారు కొందరు, అది వద్దు. ఇక్కడ రాయాల్సింది: "ఒబ్జే : కోఁజే ద్యూ లొకతేర్". అంటే అద్దెదారు ఇస్తున్న నోటీసు. ఫ్రెంచిలో రెండు చుక్కల గుర్తుకు ముందు కూడా ఖాళీ వదులుతారు. ప్రశ్న, ఆశ్చర్యార్థక గుర్తులకూ అంతే.

రిజిస్టర్డ్ పోస్టులో పంపేటట్లయితే ఒబ్జేకు పైన "లెత్ర్ రకమాఁదే అవెక్ అక్యూజే ద రెసెప్సియోఁ" అని ఒక వరుస పెట్టండి. ఏజెన్సీతో ముందు ఉత్తరాలు నడిచి ఉంటే వాళ్ళ ఫైలు నంబరు కూడా ఇక్కడే.

అడుగు 4: పిలుపు

ఎవరు చదువుతారో తెలియకపోతే "మదామ్, మెస్యూ," అంతే. తర్వాత కామా, కింద వరుసలో పెద్ద అక్షరంతో ఉత్తరం మొదలు.

చేయకూడనివి:

- "షేర్ మెస్యూ", అంటే ప్రియమైన సర్ అనకండి. ఇంగ్లీషు ఉత్తరాన్ని మెషీన్ చేత అనువదిస్తే వచ్చేది ఇదే. పరిచయం ఉన్నవాళ్ళకే ఆ మాట.
- మెస్యూ పక్కన ఇంటిపేరు చేర్చకండి. ఈమెయిళ్ళలో ఇప్పుడు అలా రాస్తున్నారు గానీ పద్ధతిగా రాసే ఉత్తరంలో "మెస్యూ," ఒక్కటే మర్యాద.
- పిలుపులో కుదింపులు వద్దు. చిరునామాలో కుదించాలనుకుంటే మెస్యూకు ఎమ్ అక్షరం, చుక్క. ఎమ్, ఆర్ కలిపి రాస్తే అది ఇంగ్లీషు.
- పెళ్ళికాని ఆడవాళ్ళను పిలిచే "మద్మ్వాజెల్" వాడకండి. 2012 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి కార్యాలయం ఇచ్చిన సర్క్యులర్‌తో అది ప్రభుత్వ కాగితాల నుంచే పోయింది. అందరికీ మదామ్.

హోదా తెలిస్తే చేర్చండి: "మదామ్ లా దిరెక్త్రీస్," (డైరెక్టర్ గారు), "మెస్యూ ల మేర్," (మేయర్ గారు). లాయర్‌కు, నోటరీకి ఆడా మగా తేడా లేకుండా "మెత్ర్,".

మీరు ఏ పిలుపు వాడారో గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

అడుగు 5: అసలు సంగతి, నాలుగే వాక్యాలు

మన అలవాటు ముందు క్షేమసమాచారం, తర్వాత ఇంట్లో పరిస్థితి, ఆపైన అసలు విషయం. ఇక్కడ మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి. ఇల్లు ఎందుకు వదులుతున్నారో కథ అక్కర్లేదు, గడువు తగ్గించే కారణం ఉంటే అది మాత్రం చాలు.

మొదటిది, నిర్ణయం: "పార్ లా ప్రెజాఁత్, జ వూజాఁఫోర్మ్ ద మా దెసిజియోఁ ద కితే ల లోజ్మాఁ క జొక్యూప్..." ఈ ఉత్తరం ద్వారా నేను ఉంటున్న ఇల్లు వదలాలని నిర్ణయించుకున్నట్టు తెలియజేస్తున్నాను అని. దీని తర్వాత ఇంటి పూర్తి చిరునామా, ఫ్లాటు నంబరు, ఒప్పందం తేదీ.

రెండోది, గడువు: "ల లోజ్మాఁ ఎతాఁ సిత్యుయే ఆఁ జోన్ తాఁద్యూ, ల ప్రేఅవీ ఎ దఁ మ్వా..." ఇల్లు జోన్ తాఁద్యూలో ఉంది కాబట్టి నోటీసు ఒక నెల, ఈ ఉత్తరం అందిన రోజు నుంచి. మీ కారణం వేరైతే అది రాసి రుజువు జత చేయండి. కారణం ఈ ఉత్తరంలోనే ఉండాలి. తర్వాత ఫోన్లో చెప్తాం, రుజువు ఆనక పంపుతాం అంటే చట్టం ఒప్పుకోదు, మూడు నెలలే లెక్క. ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన వాక్యం ఇది, రెండుసార్లు చదువుకోండి.

మూడోది, విన్నపం: "జ వూ సరే రకొనెసాఁ ద బియాఁ వూల్వార్..." మీరు దయచేసి ఫలానాది చేస్తే కృతజ్ఞుణ్ణి అని. ఇల్లు చూసి తాళాలు తీసుకోవడానికి, అంటే ఎతా దే ల్యూకి, తేదీ ఇవ్వమని అడగాలి. రాసేది ఆడవాళ్ళయితే "రకొనెసాఁత్", చివర ఒక ఇ అక్షరం చేరుతుంది. ఇంటర్నెట్ నమూనాల్లో ఆ ఇ బ్రాకెట్లో ఉంటుంది. బ్రాకెట్‌తో సహా అలాగే పంపేస్తే కాపీ కొట్టినట్టు ఇట్టే తెలిసిపోతుంది.

నాలుగోది, కొత్త చిరునామా. డిపాజిట్, అంటే దేపో ద గారాఁతీ, ఎక్కడికి పంపాలో ఓనర్‌కు తెలియాలి. ఇప్పటికి ఖరారు కాకపోతే తాళాలు ఇచ్చే రోజైనా కాగితం మీద ఇవ్వండి. ఇవ్వకపోతే డిపాజిట్ ఆలస్యానికి మీకు రావలసిన జరిమానా రాదు.

మాట తీరు గురించి రెండు ముక్కలు. "జ వ", నాకు కావాలి, అని రాయకండి. "జ సుఎత్", కోరుకుంటున్నాను, అంటే సరిపోతుంది. "ఎవాఁత్యుయెల్మాఁ" అనే మాట ఇంగ్లీషు అలవాటులో "చివరికి" అన్న అర్థంలో దూరిపోతుంది. ఫ్రెంచిలో దానికి అర్థం "వీలైతే, ఒకవేళ". ఒకవేళ ఖాళీ చేస్తానేమో అన్నది నోటీసు కాదు.

డబ్బు రాసేటప్పుడు కామా, చుక్క మన లెక్కకు తిరగబడతాయి. వెయ్యిన్నీ రెండువందల యాభై యూరోల యాభై సెంట్లను 1 250,50 అని రాస్తారు. వేల దగ్గర ఖాళీ, దశాంశం దగ్గర కామా. యూరో గుర్తు అంకె తర్వాత.

అడుగు 6: అందరూ అడిగే ఆ వాక్యం

"జ వూ ప్రీ దగ్రేయే, మదామ్, మెస్యూ, మే సల్యుతాసియోఁ దిస్తాఁగే."

నా గౌరవపూర్వక నమస్కారాలు (సల్యుతాసియోఁ) స్వీకరించమని వేడుకుంటున్నాను అని దీని అర్థం. ఇది ఒక్కటి నేర్చుకుంటే ఓనర్, బ్యాంకు, ఇన్సూరెన్సు, కంపెనీ అందరికీ సరిపోతుంది. మధ్యలో ఉన్న "మదామ్, మెస్యూ" మీ పిలుపుతో అచ్చంగా కలవాలి. పైన "మదామ్ లా దిరెక్త్రీస్" అన్నవాళ్ళు కిందా అదే అనాలి. రెండు వైపులా కామాలు మర్చిపోకండి.

"వయే అగ్రేయే..." అని మొదలుపెట్టే రూపం కూడా సరైనదే, కాస్త పొడిగా ఉంటుంది. అయితే దాని ముందు "దాఁ లతాఁత్ ద వోత్ర్ రెపోఁస్" (మీ జవాబు కోసం ఎదురుచూస్తూ) చేర్చకూడదు. ఎదురుచూసేది మీరు, కాబట్టి ఆ ముక్క తర్వాత "జ" (నేను) రావాలి. వయే పెడితే ఎదురుచూసేది ఓనర్ అయిపోతాడు. ఫ్రెంచివాళ్ళే ఈ తప్పు తెగ చేస్తారు, అయినా మీరు చేయకండి.

ఇంకో సున్నితం: "సాఁతిమాఁ" (భావాలు) ఉన్న రూపాలూ కనిపిస్తాయి. మగవాళ్ళు ఆడవాళ్ళకు, ఆడవాళ్ళు మగవాళ్ళకు రాసేటప్పుడు ఆ మాట బాగుండదని పాతకాలపు పట్టింపు. సల్యుతాసియోఁ పెట్టుకుంటే ఆ గొడవే లేదు. "కొర్దియాల్మాఁ" ఈమెయిల్‌కు సరే, ఇక్కడ వద్దు.

అడుగు 7: సంతకం, జతచేసినవి

కుడివైపు కింద సంతకం, దాని కింద టైపు చేసిన పేరు. ఎడమవైపు అట్టడుగున "పియెస్ జ్వాఁత్ :" అని రాసి, జత చేసిన కాగితాల పేర్లు. అసలు కాగితాలు పెట్టకండి, కాపీలే.

భార్యాభర్తలిద్దరూ ఒప్పందంలో ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. ఒక్కరే చేస్తే రెండోవారి పేరు మీద అద్దె నడుస్తూనే ఉంటుంది. ఫ్రెండ్స్ కలిసి ఉండే కొలొకాసియోఁలో ఒకరే వెళ్ళిపోతుంటే ఆ ఒకరు నోటీసు ఇస్తే చాలు. కానీ ఒప్పందంలో ఉమ్మడి బాధ్యత షరతు ఉంటే, మీ స్థానంలో కొత్తవాళ్ళు రాకపోతే, నోటీసు గడువు ముగిశాక ఆరు నెలల వరకు మిగతావాళ్ళు కట్టని అద్దెకు మీరూ జవాబుదారే. వెళ్ళేముందు ఫ్రెండ్స్‌తో ఇది తేల్చుకోండి.

అడుగు 8: పంపడం

ఈమెయిల్, వాట్సాప్ నోటీసుగా చెల్లవు. ఓనర్ "ఓకే, థాంక్స్" అని జవాబిచ్చినా సరే. చెల్లే దారులు ఇవి:

- పోస్టాఫీసు నుంచి అందినట్టు రసీదు వచ్చే రిజిస్టర్డ్ ఉత్తరం. లా పోస్త్ సైట్‌లో ఉత్తరం అప్‌లోడ్ చేస్తే వాళ్ళే ప్రింటు తీసి పంపుతారు కూడా.
- చేతికివ్వడం. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద అందిన తేదీ రాయించి సంతకం తీసుకోండి. ఓనర్ దగ్గర్లో ఉంటే ఖర్చులేని మంచి పద్ధతి ఇదే.
- కొమిసేర్ ద జుస్తీస్, అంటే నోటీసులు చట్టబద్ధంగా అందజేసే అధికారి, ద్వారా. ఖర్చు ఎక్కువ, కానీ ఓనర్ తప్పించుకు తిరుగుతుంటే ఇదే గట్టి దారి.

గడువు మొదలయ్యేది మీరు పోస్టు చేసిన రోజు నుంచి కాదు, వాళ్ళకు అందిన రోజు నుంచి. ఫిబ్రవరి 28న వేసి మార్చి 5న అందితే, ఒక నెల నోటీసు ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఏప్రిల్‌లో అద్దె ఐదు రోజులకే, నెలంతా కాదు. ఓనర్ ఇంట్లో లేకపోతే ఉత్తరం పోస్టాఫీసులో 15 రోజులు ఉండి వెనక్కి వచ్చేస్తుంది. అలా వచ్చేసిన ఉత్తరం అందనట్టే లెక్క. కాబట్టి ఆఖరి రోజుదాకా ఆగకండి, ఆగస్టులో అసలే ఆగకండి. సగం ఫ్రాన్స్ సెలవుల్లో ఉంటుంది.

పంపేముందు ఒక్కసారి చూసుకోండి

ఉత్తరాన్ని ఫ్రెంచి వచ్చినవాళ్ళకు ఇచ్చి "బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "నేను ఏ ఇల్లు, ఎప్పుడు, ఏ లెక్కన వదులుతున్నాను?" అని అడగండి. కాగితం చూసి మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఉత్తరం పని చేస్తుంది. పిలుపు పైనా కిందా కలిసిందా, బ్రాకెట్లు ఏమైనా మిగిలాయా, నమూనాలోని అక్కర్లేని కారణాలు కొట్టేశారా అన్నవి మీరే చూసుకోవచ్చు. సంతకం పెట్టాక ఫొటో తీసి, పోస్టు రసీదు ఫొటోతో కలిపి ఒకేచోట దాచండి. అందినట్టు రసీదు తిరిగొచ్చాక దాని మీది తేదీ చూసి, గడువు ముగిసే రోజును ఏజెన్సీకి ఈమెయిల్‌లో రాసి ఖరారు చేయించుకోండి. దీనికి ఈమెయిల్ చాలు.

మిగతా ఉత్తరాలకు

ఉద్యోగం మానేసేటప్పుడు ఇదే చట్రంలో ఒబ్జే మార్చి "దెమిసియోఁ" అని రాయండి, కారణం చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ ఆఫీసుకు ఏదైనా కోరుతూ రాస్తే "జే లొనర్ ద..." అని మొదలుపెట్టడం వాళ్ళ పద్ధతి. ఫోను, ఇంటర్నెట్, ఇన్సూరెన్సు రద్దుకు మాత్రం ఇప్పుడు ఉత్తరం అక్కర్లేదు. 2023 జూన్ నుంచి ఆన్‌లైన్‌లో చేరగలిగే వాటిని ఆన్‌లైన్‌లోనే రద్దు చేసుకునే వీలు కంపెనీలు ఇవ్వాలి.

ఇల్లు ఇచ్చేశాక ఒక ఉత్తరం మిగిలే అవకాశం ఉంది. తాళాలు ఇచ్చాక ఇల్లు చేరినప్పటిలాగే ఉంటే ఒక నెలలో, మరమ్మతుల లెక్కలు ఉంటే రెండు నెలల్లో డిపాజిట్ తిరిగి రావాలి. ఆ గడువు దాటితే, మొదలైన ప్రతి నెలకూ అద్దెలో (మెయింటెనెన్స్ కాకుండా) పది శాతం చొప్పున ఓనర్ అదనంగా ఇవ్వాలి. ఒబ్జేలో "మీజ్ ఆఁ దమర్" (గడువులోగా చెల్లించమనే హెచ్చరిక) అని పెట్టి, తాళాలు ఇచ్చిన తేదీ, రావలసిన మొత్తం, ఎనిమిది లేదా పదిహేను రోజుల గడువు రాసి మళ్ళీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దానికీ కదలకపోతే మీ జిల్లాలోని అద్దె వివాదాల రాజీ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు ఉండదు. రెండు ఉత్తరాల కాపీలూ, రసీదులూ జత చేయండి.